శంఖం మోగని సాయంత్రం

సవాయి దీవిలోని ఆ తీరపు ఊరి ప్రార్థనాలయానికి ఇంకా కొబ్బరాకుల కప్పు ఉన్న రోజుల్లో తాత ఊదినదీ, రేకుల కప్పు వచ్చిన రోజుల్లో తండ్రి ఊదినదీ అయిన సముద్రశంఖాన్ని తానందుకొని, తల నల్లగా ఉన్ననాటి నుండి అలల నురగవలె తెల్లబడేదాకా ప్రతి సాయంసంధ్యలోనూ పూరించి ఊరినంతటినీ ప్రార్థనకు కూర్చోబెట్టినవాడు ఎనెలికో. ఆ నాదం విన్నంతనే దారిన పోయేవాడు దారిలోనే ఆగాలి. ఇంటింటా చాపలపై చేరి కీర్తన ఎత్తుకోవాలి. అది ఊరి కట్టుబాటు.

ఎనెలికో ప్రార్థనకు మాత్రం వేళంటూ లేదు. కొబ్బరికాయ వలుస్తూ స్తుతించేవాడు. దూరాన పడవ కనిపిస్తే అందులోనివారికి క్షేమమడిగేవాడు. పందికి మేత వేస్తూ వేస్తూ మధ్యలో "ఆమేన్" అనేవాడు.

"నువ్వు దేవుడితో మాట్లాడుతున్నావో పందితో మాట్లాడుతున్నావో తెలిసి చావదు!" అనేది భార్య ఫువాతీనో.

"ఇద్దరూ వింటారే. విననిదానివి నువ్వొక్కదానివే."

ఒకనాడతడు కొండవాలు తోటలో చేమదుంపలు తవ్వుతున్నాడు. ఈ దుంప జ్వరపు బిడ్డ ఉన్న ఇంటికి, ఇది ఒంటరి ముసలమ్మకు అనుకుంటూ, ఒక్కొక్క ఇంటి కోసం వేడుకుంటూ పోయాడు. తలెత్తేసరికి చుక్కలు పొడిచాయి. శంఖం ఇంట్లో దూలానికి వేలాడుతోంది! ఊరిని ప్రార్థనకు పిలవవలసినవాడు ప్రార్థనలో పడి పిలుపే మరిచాడు.

ఇల్లు చేరగానే ఫువాతీనో ముందు దెబ్బలేమైనా తగిలాయేమోనని ఒళ్లు తడిమి చూసింది, ఆపైన తిట్టింది. ఎనెలికోకు ఒకటే దిగులు: తాతనాటి శంఖం తన చేతుల్లోనే ఇల్లు దాటిపోతుందేమో.

తెల్లవారగానే ఇంట్లోని మేలైన చాపను తలమీదుగా కప్పుకొని ఊరి సభాగృహం ఎదుట కూర్చున్నాడు. ఘోరమైన తప్పు చేసినవారు అలా కూర్చుంటారు. పెద్దలు చాప ఎత్తితే క్షమించినట్లు.

ఊరిపెద్ద లేమానా బయటికొచ్చి ఉలిక్కిపడ్డాడు. "ఏందయ్యా ఇది? ఎవర్నైనా చంపొచ్చావా?"

"శంఖం ఊదలేదు పెద్దయ్యా," చాప కిందినుండే అన్నాడు ఎనెలికో. "ఊరు ప్రార్థన లేకుండా పడుకుంది. వేరే ఎవరికైనా ఇచ్చేయండి."

"లేకుండానా? నిన్న నాకు ముందు కోపమొచ్చింది. తర్వాత భయమేసింది, కొండమీంచి గాని జారావేమోనని. నేనప్పుడు స్నానంలో ఉన్నా. ఒంటినిండా సబ్బుతోనే, 'ప్రభువా, మావాణ్ణి కాపాడు' అన్నా."

గుమిగూడినవాళ్లు పకపక నవ్వారు.

"నేను పడవలోనే అడిగా మావా," అన్నాడు జాలరి పౌలో. "కళ్లు మూసుకున్నానా, చేప కాస్తా గాలం తెంపుకుపోయింది!"

"నేను వంటకని పొయ్యిలో రాళ్లు కాలుస్తూ అడిగా, బాబాయ్," అంది పొరుగింటి కోడలు. "రొట్టెపనసకాయలన్నీ మాడిపోయాయి, మా అత్తనడుగు!"

ఒకరి తరువాత ఒకరు చెబుతూనే ఉన్నారు. చాప కింద ఎనెలికో కన్నీళ్లు తుడుచుకున్నాడు. తన పేరు అన్ని నోళ్లలో దేవుని దగ్గరికి వెళ్లిందని అతనికి అప్పటిదాకా తెలియదు మరి.

లేమానా వంగి చాప ఎత్తాడు. "శంఖం నీదే. దారంతా గొణుక్కుంటూ తిరిగి మాకూ అంటించావు గదయ్యా ఆ అలవాటు! కానీ జరిమానా తప్పదు. పందిని కోయాలి, ఊరంతా తినాలి."

"హమ్మయ్య!" చప్పట్లు చరిచింది ఫువాతీనో. "ఇకనైనా ఈయన దేవుడొక్కడితోనే మాట్లాడతాడు!"

విందు ముగిసి, పొద్దు వాలుతుండగానే శంఖం మోగింది. కాస్త ముందుగానే మోగింది, ఎవరూ తప్పుపట్టలేదు.

ఆ ఊపిరికి అలుపు రాకుండుగాక! ఆ తోట ఊరి పొయ్యిలన్నిటికీ పండుగాక! ఫువాతీనో నవ్వు ఆ ఇంట ఆరకుండుగాక! ఆ చాపలపై మనుమల మనుమలు కూర్చొని కీర్తన ఎత్తుకొందురుగాక! ప్రభువు కృప వారందరిపై నీడగా నిలుచునుగాక!