మందుకు లొంగని దగ్గు

నా చిన్నప్పుడు మేము షార్జాలో, రోలా దగ్గర ఉండేవాళ్లం. మా నాన్న పశువైద్యుడు. సజ్జా దాటాక ఎడారిలో, మాంసం కోసం కోడెలను మేపే ఫారంలో పనిచేసేవారు. ఒక ఏడాది ఓడలో వచ్చిన మందలో దగ్గు మొదలైంది. ఎన్ని సూదులు వేసినా తగ్గలేదు. కొన్నింటికి మోకీళ్లు వాచి లేవలేకపోయేవి.

బడి సెలవు కావడంతో ఒక శుక్రవారం నాన్న నన్నూ వెంట తీసుకెళ్లారు. అక్కడ కొట్టాల పని చూసేది జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒకాయన. మేమంతా ఆయన్ని కాక అనేవాళ్లం. ఆ రోజు కాక షెడ్డు నీడన కూలబడి ఉన్నాడు. తిండి ముట్టడం లేదని తోటివాళ్లు చెప్పారు. మొన్న ఎండకు రొప్పుతున్న కోడెను చూసి జాలిపడి పైపుతో నీళ్లు కొట్టాడట. మర్నాడే అది లేవలేక కూలబడింది. నీ వల్లే రోగమొచ్చింది, ఖలాస్, ఊరికి పొమ్మని ముదీర్, అంటే అక్కడి మేనేజరు, అందరి ముందూ అన్నాడట.

"నోరులేని జీవాన్ని సంపుకున్న సార్," అన్నాడు కాక. "సల్లగుంటదని కొట్టిన. ఆ నీళ్లే దాని పానం మీదికొచ్చినయి."

నాన్న ఆ కూలబడిన కోడె దగ్గరికి వెళ్లారు. అది మెడ చాచి, నోరు తెరిచి, ఊపిరి కోసం పెనుగులాడుతోంది. ఇక బతకదని తేల్చుకుని, నుదురు నిమురుతూ ఆఖరి సూది వేశారు. నన్ను కారులో కూర్చోమన్నారు గానీ నేను కదలలేకపోయాను. తర్వాత కాకనూ ముదీర్‌నీ పిలిపించి, ఇద్దరి ఎదుటా దాని ఛాతీ కోశారు. ఊపిరితిత్తుల నిండా జున్నుముక్కల్లా గట్టిపడిన చీము గడ్డలు. ఆ వాసనకు నేను ముక్కు మూసుకున్నాను.

"చూడు తమ్ముడూ," అన్నారు నాన్న కాకతో. "ఇవి ఇంతలా గట్టిపడాలంటే వారాలు పడుతుంది. నువ్వు నీళ్లు కొట్టింది మొన్న. ఓడలో కుక్కినప్పుడే ఒకదాని ఊపిరి నుంచి ఇంకోదానికి అంటుకుని ఉంటుంది."

అదే మాట ముదీర్‌కి హిందీలో చెప్పారు. అతను ఆ గడ్డలను చూసి వెళ్లిపోయాడు. కాక వంగి ఒక గడ్డను వేలితో నొక్కి చూశాడు.

"నేను గాదా సార్?"

"నువ్వు కాదు."

అప్పుడు ఏడ్చాడు కాక.

అది మైకోప్లాస్మా అనే క్రిమి అని, చాలా మందులకు లొంగదని ల్యాబ్ వాళ్లు తేల్చారు. ఆ నెలలో ఇంకా ఎన్నో కోడెలు పోయాయి. కాకను ఊరికి పంపలేదు. చచ్చినవాటిని లారీకెక్కించే పని మాత్రం ఆయన మీదే పడింది.

చాలా ఏళ్లకు అమ్మ క్యాన్సర్‌తో పోయింది. ఆసుపత్రికి తీసుకెళ్లడంలో తానే ఆలస్యం చేశానని నాన్న రోజుల తరబడి కుమిలిపోయారు. ఊరుకోండి నాన్నా అని నేను అనలేదు. ఆయన్ని అమ్మకు వైద్యం చేసిన డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, ఆ రోగం ఎప్పుడు మొదలై ఉంటుందో, బయటపడేలోగా ఎంతదూరం పాకిందో, మొదటినుంచీ చెప్పించాను.