మిరియం గారి పొయ్యి

మిరియం గారి పని చెబితే ఎవరైనా నవ్వుతారు. పొయ్యి వెలిగించడం! మెల్‌బోర్న్‌లో కాల్‌ఫీల్డ్ వైపు, యూదుల వీధుల్లో, వాళ్ళ ప్రార్థనా మందిరం వెనక ఒక వంటగది ఉంది. గురువారం గురువారం నలభై మంది ముసలివాళ్ళకు అక్కడ భోజనం. వండేదాన్ని నేను, జాక్లిన్‌ని. అప్పుడు నర్సింగ్ రెండో ఏడు. ఊరి చివర క్లైడ్ నార్త్ నుంచి బస్సూ ట్రైనూ మారి ఏడింటికల్లా దిగేదాన్ని. తరగడం, ఉప్పు వేయడం, రుచి చూడడం అన్నీ నావే. పొయ్యి మాత్రం ఆవిడే వెలిగించాలి. యూదులు కానివాళ్ళు వెలిగించిన పొయ్యి మీద వండింది వాళ్ళలో నియమం పాటించేవాళ్ళు తినరు.

ఆవిడకు అరవై ఎనిమిదేళ్ళు. పుట్టింది ఆ పక్క వీధిలోనే. అమ్మానాన్నా యుద్ధం అయ్యాక పోలండ్ నుంచి వచ్చారట. స్కూల్లో లైబ్రేరియన్‌గా చేసి రిటైరయ్యారు. మనిషి పొట్టి, నోరు పెద్దది. "ఉల్లిపాయ ఇంత లావుగా తరిగావ్, నమిలేది వాళ్ళ పళ్ళతోనా నీ పళ్ళతోనా?" అని సణిగేవారు. సణుగుతూనే ట్రైన్‌లో తినమని నాకు రొట్టె చుట్టి ఇచ్చేవారు. నెత్తురూ పురుగూ వాళ్ళకు నిషిద్ధం కనక, ప్రతి గుడ్డూ ఆవిడే గ్లాసులో కొట్టి నెత్తురు చుక్క ఉందేమో చూడాలి, ఆకుకూర లైటు కింద పెట్టి పురుగు ఉందేమో వెతకాలి. పంతొమ్మిదేళ్ళుగా అదే పని, ఒక్క వారం మానలేదు.

మొదటిరోజు ఆవిడ "పొయ్యి ముట్టుకోకు" అనగానే నాకు ఒళ్ళు మండిపోయింది. మా నాయనమ్మ రేపల్లె దగ్గర ఒకరింట్లో ముప్ఫై ఏళ్ళు అంట్లు తోమింది. పెరట్లోనే సుమా! వంటింటి గడప తొక్కనివ్వలేదు. ఆవిడ తోమిన గిన్నెల మీద నీళ్ళు చల్లి మరీ లోపలికి తీసుకెళ్ళేవారు. ఇన్ని సముద్రాలు దాటొచ్చినా మళ్ళీ అదేనా అనుకున్నాను. పైకి మాత్రం "ఓకే మిరియం" అన్నాను.

మే నెలలో ఒక గురువారం ఆవిడ ఫోన్ చేశారు. "కారు స్టార్ట్ అవడం లేదు. అన్నీ తరిగి ఉంచు, అరగంటలో వస్తా." అరగంట కాస్తా గంటన్నర అయింది. బార్లీ వేసిన చికెన్ సూపు, ఉడకడానికే చాలాసేపు పడుతుంది, పన్నెండింటికి జనం వచ్చేస్తారు. అబద్ధం ఎందుకు ఆడాలి, సాయం చేద్దామన్నది సగం, కసి సగం. నా చేత్తో వెలిగిస్తే సూపు చేదైపోతుందా ఏం? వెలిగించేశాను.

ఆవిడ రొప్పుతూ వచ్చి మంట చూశారు. "జెల్మన్ వెలిగించాడా?" అన్నారు. జెల్మన్ గారంటే మందిరం తాళాలు చూసే ఆయన, ఆయనా యూదుడే. "అవును" అన్నాను. నోట్లోంచి ఊడిపడింది. "బతికించాడు" అంటూ ఆవిడ కోటు విప్పారు.

పన్నెండింటికి అందరికంటే ముందు బెన్నో గారు వచ్చారు. తొంభై రెండేళ్ళాయన, బయట ఎక్కడా ఏమీ ముట్టరు. సూపు ముందు పెట్టాను. ఆయన గిన్నె వైపు కూడా చూడలేదు.

"మిరియం ఉందా లోపల?"

"ఉన్నారు."

అంతే, చెంచా తీసుకున్నారు. ఆవిడ మాట మీద నమ్మకంతో తింటున్న మనిషిని నేను మోసం చేస్తున్నాను. "ఆగండి!" అని గిన్నె లాగేసుకున్నాను. సూపంతా టేబుల్ మీద ఒలికింది. లోపలికి పరిగెత్తి, "పొయ్యి వెలిగించింది నేనే, జెల్మన్ కాదు" అని చెప్పేశాను.

ఆవిడ తిట్టలేదు. హాల్లోకి వెళ్ళి, "ఇవాళ సూపు లేదు. తప్పు నాదే, ఆలస్యంగా వచ్చాను" అన్నారు. నలభై మందీ రొట్టె, డబ్బా చేపలు, కీరా ముక్కలు తిని గొణుక్కుంటూ పోయారు. వడ్డిస్తూ నేను సిగ్గుతో చచ్చిపోయాను.

సూపు పారబోస్తున్నప్పుడు అడిగారు, ఎందుకు చేశావని. ఇక ఆగలేకపోయాను. నాయనమ్మ సంగతంతా కక్కేశాను. గడప, గిన్నెలు, చల్లిన నీళ్ళు, అన్నీ. ఆవిడ గరిటె పట్టుకునే నా వైపు తిరిగారు.

"మొదటిరోజే నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే రూలు మారుస్తారా?"

"మార్చను. అది నా చేతిలో లేదు, ఉన్నా మార్చను. కానీ నిన్ను ఏం అడుగుతున్నానో తెలిసి అడిగేదాన్ని." గరిటె పక్కన పెట్టారు. "ఇప్పుడు తెలిసింది కాబట్టి అడుగుతున్నా. పొయ్యి నేనే వెలిగిస్తాను. వచ్చే గురువారం వస్తావా?"

గట్టిగా ఏదో అనేద్దామని నోరు తెరిచాను. కానీ ముప్ఫై ఏళ్ళలో మా నాయనమ్మను ఆ ఇంట్లో ఒక్కరూ ఇలా అడగలేదు. సింక్ పట్టుకుని బావురుమన్నాను. వస్తానని చెప్పడానికి అయిదు నిమిషాలు పట్టింది.