మల్కోస్ మామ బొటనవేలు

అంతియొకయ నగరపు బజారులో నాణేలు మార్చే మల్కోస్‌కు ఒకటే జబ్బు. ఏ కంచు నాణెం చేతికొచ్చినా, బొటనవేలు తడిచేసి దానిమీది చక్రవర్తి ముఖాన్ని రుద్దుతూ "ప్రభూ, తమరెవరు?" అని అడుగుతాడు. అడిగి ఊరుకోడు, జవాబు కోసం ఎదురుచూస్తాడు. ఆ చూపు స్తంభాల వరుస దాటి, నది దాటి, ఎక్కడికో తేలిపోతుంది. వేలు మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

పక్కనే ఉడకబెట్టిన శనగలు అమ్మే దొమ్నీనాకు ఒళ్లు మండేది.

"మామా, చేపలావిడ వచ్చి ఎంతసేపయింది? బుట్ట కంపు కొడుతోంది."

"ఈయన ఇంకా పేరు చెప్పలేదే."

"ఎలా చెబుతాడు? పోయి నలభై ఏళ్లయింది."

"అందుకే కాబోలు, మొహమాటపడుతున్నాడు."

ఆ వేలికింద ముక్కులు పోయిన చక్రవర్తులెందరో, గడ్డాలు పోయినవాళ్లెందరో. పూర్తిగా అరిగిన నాణేన్నీ బజారు మారుమాట్లాడకుండా తీసుకునేది, కంచు కంచే కనుక.

ఒకనాడు చాటింపు వేశారు. నిన్నటిదాకా ఏలిన చక్రవర్తి ఓడిపోయాడట, ఇక ద్రోహి అట. వారం తిరిగాక అతని ముఖమున్న నాణెం ఎవరి దగ్గర దొరికినా జప్తు. దొమ్నీనా సొంత రొట్టెల పొయ్యి కోసం ఆరేళ్లుగా కుండలో దాచినవన్నీ ఆ ముఖాలే. కుండ తెచ్చి మల్కోస్ ముందు పెట్టి ఏడ్చింది.

"ఇక్కడ ఉంచమ్మాయ్. ఒక్కొక్కరినీ అడిగి చూస్తాను."

"ఇప్పుడు కూడా అదే గోలా మామా?"

పోట్లాడే ఓపిక లేక వదిలేసింది. మల్కోస్ వారమంతా దుకాణం తెరవలేదు. కలలు కంటూ పడుకున్నాడని తిట్టుకుంది.

గడువునాడు సైనికుడొచ్చి కుండ బోర్లించాడు. ఒక్క నాణెంమీదా ముక్కూ లేదు, కన్నూ లేదు.

"ఎవరిదయ్యా ఈ ముఖం?"

"వారం నుంచి నేనూ అదే అడుగుతున్నాను బాబూ. ఎవరూ పలకడం లేదు."

బజారంతా నవ్వింది. సైనికుడు విసుక్కుని వెళ్లిపోయాడు. దొమ్నీనా కిందపడ్డవి ఏరుతుంటే కుండ అడుగున ఇసుక తగిలింది. తలెత్తి చూస్తే మల్కోస్ బొటనవేళ్లు రెండింటికీ గుడ్డ కట్లు.

నెల తిరక్కుండానే కొత్త పొయ్యిలో తొలి రొట్టె కాల్చి వేడివేడిగా అతని చేతిలో పెట్టింది. మల్కోస్ చూపు నదివైపు తేలింది, కట్టువేలు రొట్టెమీద మెల్లగా తిరిగింది.

"ప్రభూ, తమరెవరు?"

"నువ్వుల రొట్టె మామా," అంది దొమ్నీనా. "పేరు చెప్పిందిగా, ఇక తిను."