కుందేళ్ళను చంపింది మా కాంపౌండరు కాదు

మా కాంపౌండరుగారు పోయిన సంగతి నాకు ఆత్మకూరు బస్టాండులో తెలిసింది. టీ గ్లాసు పట్టుకొని నిలబడి ఉంటే, బెంచీ మీద కూర్చున్న నా ఈడు మనిషి ఒకాయన పక్కవాడితో అంటున్నాడు: "పశువులాసుపత్రిలో పనిచేసినాడే, ఉదయగిరిలో కుందేళ్ళను చంపిన కాంపౌండరు, పోయినాడంట."

చావు కబురు చెప్పే తీరా అది? మెట్ట ప్రాంతంలో ఆయన చెయ్యి తగలని గొడ్డు లేదు. అంత చాకిరీ చేసిన మనిషికి చివరికి మిగిలిన బిరుదు అదా? టీ సగంలో వదిలేసి ఆయన ఇంటికి నడిచాను. ఇది ఆ కోపంతోనే రాస్తున్నాను. ఆ మాట అబద్ధం. అబద్ధమని నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. ఇన్నేళ్ళూ ఆయన మోసిన ఆ మాటను దింపడమే ఇప్పుడు నా పని.

డెబ్బైల్లో ఆయన ఉదయగిరి వచ్చారు. డాక్టరు కుర్చీ ఎప్పుడూ ఖాళీయే కాబట్టి డాక్టరూ ఆయనే, కాంపౌండరూ ఆయనే, పొద్దున్నే చీపురు పట్టేదీ ఆయనే. పశువు ఒంటిని ముందుగా చేత్తో తడిమేవారు కాదు. టీ చల్లార్చుకున్నట్టు వెంట్రుకల మీద మెల్లగా ఊదేవారు. వెంట్రుకలు పాయగా విడిపోయి అడుగున చర్మం కనబడేది. "చెయ్యి పెడితే అది బెదిరిపోతాది అబ్బయా. ఊదితే చూపిస్తాది" అనేవారు. నేను మూడో తరగతితో బడి మానేసి, తర్వాతి చదువంతా పొట్లాల కాగితాల మీద చదివినవాణ్ణి. మా ఇంట్లో గొర్రెలు. ఖాళీ దొరికితే ఆయన దగ్గర కూర్చొని ఆ ఊదుడు చూడటం నాకు కాలక్షేపం.

మా పక్కిల్లు చెక్క గరిటెలు చెక్కే భాయిది. ఉదయగిరి గరిటెల సంగతి మొదలుపెడితే నేను ఆగను, అది వదిలేద్దాం. ఆ భాయి తల్లి ఏ.ఎస్.పేట ఉరుసుకు పోయి, తబర్రుకుగా పంచిన ప్రసాదం మిఠాయితో పాటు బుట్టలో రెండు తెల్ల కుందేళ్ళను తెచ్చింది. ఏడాది తిరిగేసరికి అవి ఏడయ్యాయి. కొండలో వలలు పన్ని కుందేళ్ళను పట్టి తినే ఊరు మాది. ఆమె ఒకదాన్ని ఒళ్ళో పెట్టుకొని ఆసుపత్రికి వస్తే అరుగు మీది జనం ఊరుకుంటారా? "కూరొండుకునేదానికి మందేంది సార్, మసాలా రాసియ్యండి" అన్నారు. కాంపౌండరుగారు తలెత్తలేదు. ఆయన అప్పటికే ఊదుతున్నారు.

ఆ ఆడకుందేలు రొమ్ము మీద, పొట్ట మీద బొచ్చు ఊడిపోయి ఉంది. ముసలమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. చర్మం నున్నగా, శుభ్రంగా ఉండటం చూసి ఆయన నవ్వారు. "జబ్బు కాదమ్మా. పిల్లలకు పక్క పరస్తా ఉండాది. దాని బొచ్చు అదే పీక్కునింది" అన్నారు. నాలుగో రోజుకు అయిదు పిల్లలు. కుందేలుకు రోగం ఎప్పుడు లేదో చెప్పగల మనిషి ఆ చుట్టుపక్కల ఆయన ఒక్కరే.

అసలు రోగం మరుసటి ఏడు వచ్చింది. కుందేళ్ళు తల విదిలిస్తూ, వెనక కాలితో చెవి గోక్కోవడం మొదలుపెట్టాయి. ముక్కు మీద, చెవి అంచుల్లో బూడిదరంగు పొక్కు. చెవి లోపల వేరుశనగ పొట్టు పొరలు పొరలుగా దూర్చినట్టు. ముసలమ్మ ముంజేతుల మీద కూడా దద్దుర్లు లేచాయి. కోడలు వాటిని కొండలో వదిలేయమని పోరు పెట్టింది. ముసలమ్మకు పగటిపూట మాట్లాడటానికి ఉన్నవి ఆ కుందేళ్ళే.

కాంపౌండరుగారు ఒక్కో చెవిని ఎండకు పట్టి చూసి గజ్జి అని తేల్చారు. వాటి కింద పరిచిన గడ్డి తగలబెట్టించారు. అవి ఉండే పెట్టెల మీద మరిగే నీళ్ళు పోయించారు. చెవిలో గోరువెచ్చని నూనె వేసి, పొక్కు మెత్తబడి దానంతటదే వచ్చేదాకా గోరు తగలనివ్వలేదు. తర్వాత కొబ్బరినూనెలో గంధకం కలిపి పలచగా పూత. చిటికెన గోరంత గుంటతో ఒక గరిటె చెక్కించుకున్నారు భాయి చేత. అంతకంటే ఎక్కువ మందు పట్టకూడదనే అంత చిన్నది. నాకు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు: "గొర్రె ఒళ్ళు నాక్కోదు. కుందేలు పొద్దస్తమానం నాక్కుంటానే ఉంటాది. నువ్వు దాని ఒంటికి పూసేదంతా దాని కడుపులోకి పోతాది."

పూత పడ్డాక పురుగు చచ్చినా గుడ్లు మిగిలి మళ్ళీ పుడతాయని, పదిరోజులకు ఇంకో పూత వేయాలన్నారు. ఆ పదోరోజుకు ఆయన సీతారామపురం వైపు గాలికుంటు సూదులు వేయడానికి పోవాల్సి వచ్చింది. మందు డబ్బా, గరిటె నా చేతికిచ్చి పోయారు.

ఆ రోజే మా గొర్రెలను మందునీళ్ళ తొట్టిలో ముంచే రోజు. ఏటా వానలకు ముందు మా వాళ్ళంతా చేసే పని అది. తొట్టిలో ముంచి తీస్తే గజ్జీ ఉండదు, నెత్తురు పీల్చే గోమారూ ఉండదు. గోరంత గరిటెతో పన్నెండు కుందేళ్ళ చెవులు ఎవడు పూస్తాడనుకున్నాను. ముసలమ్మను అడిగి బుట్టలో తెచ్చి, ఒక్కొక్కదాన్నీ మెడ పట్టుకొని ఆ నీళ్ళలో ముంచి ఎండలో వదిలాను. అవి ఏం చేశాయి? కూర్చొని శుభ్రంగా ఒళ్ళంతా నాక్కున్నాయి. మధ్యాహ్నానికి వణుకు, సాయంత్రానికి ఈడ్పులు. తెల్లారేసరికి ఒక్కటీ లేదు.

ఏం మందు వేసినావని భాయి అడిగాడు. "కాంపౌండర్ సార్ చెప్పిందే" అన్నాను. ఇంతే, ఒక్క ముక్క.

ఆయన మూడోరోజు బస్సు దిగి నేరుగా వచ్చారు. కొండ వాలులో మిగతావాటిని పూడ్చినా, మొదట తెచ్చుకున్న రెండిట్లో ఒకదాన్ని ముసలమ్మ గుడ్డలో చుట్టి ఉంచుకుంది. ఆయన గుడ్డ విప్పి, వంగి, ఆ తెల్లబొచ్చులో ముక్కు పెట్టారు. ముక్కు మండే గొర్రెల మందు వాసన. గంధకం ఊసే లేదు. తలెత్తి నన్ను చూశారు. తర్వాత ముసలమ్మ వైపు తిరిగి, "మందు నాదేనమ్మా. తప్పు జరిగిపోయినాది" అన్నారు.

ఆసుపత్రి వెనకాల పట్టుకొని అడిగాను, ఎందుకట్లా చెప్పినారని. చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంటున్నారు. "నువ్వు ఆమెతో గోడకు గోడ బతకాల్సినోడివి. నేను బదిలీ మీద పోయేవాణ్ణి" అన్నారు.

ఎవరు అడిగారండీ ఆయన్ని? ఆ దయ నాకు అక్కరలేదు. నన్ను తిట్టి ఉంటే నెలరోజులకు మరిచిపోయేవాణ్ణి. ఎనభైల్లో ఆయనకు ఆత్మకూరు బదిలీ అయింది. ఆయనకంటే ముందు బస్సులో ఆ మాట చేరింది. కుక్కపిల్లను ఎత్తుకొని వచ్చినవాళ్ళు ఆయన్ని చూసి వెనక్కి తిరిగేవాళ్ళు. ముసలమ్మ అదే నమ్మకంతో కన్నుమూసింది. మసాలా రాసియ్యమన్న నోళ్ళే ఊరూరా ఆ మాట మోశాయి. వాళ్ళ మీద కోపమే, ఆయన మీదా కోపమే. గోడకు గోడ బతికినన్నాళ్ళూ నోరు విప్పనివాడి మీద ఎంత కోపమో రాయడానికి నా దగ్గర మాట లేదు.

శవం దగ్గర కూర్చొని ఆయన భార్యకు అంతా చెప్పాను. ఆమె ఏడవలేదు, ఆశ్చర్యపోలేదు. "నాకు తెలుసన్నా. చెప్పొద్దన్నారు" అంది. లోపలికి పోయి ఒక రేకు డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. మొన్నమొన్నటి వరకు వీధికుక్కల చెవులకు పూస్తూ ఉండేవారట. మూత తీశాను. చిటికెన గోరంత గుంట ఉన్న ఉదయగిరి గరిటె, గుంటలో పసుపుపచ్చని మరక.

ముక్కు దగ్గర పెట్టుకున్నాను. గంధకం. ఇంకే వాసనా లేదు.