కవి గది ముందు నాట్ల పాట

చిట్టమూరు వైపు వరినాట్లు వేసేటప్పుడు మాలకొండమ్మ పాట ఎత్తుకుంటే కూలీలకు నడుము నొప్పి తెలియదు. మొన్న ఆమె గూడూరు నిమ్మకాయల లోడుతో, భర్త పెంచలయ్య నడిపే లారీలో పంజాబు దాకా వెళ్లింది.

సరుకు దింపేలోగా ఇద్దరూ అక్కడి పాత మసీదు చూడబోయారు. పూర్వం ఒక పంజాబీ కవి అందులోని చిన్న గదిలో కూర్చుని ప్రేమకథ రాశాడట. మసీదు చూసుకునే ముసలాయన ఆ పద్యాలు పాడి, అర్థం హిందీలో చెప్పాడు.

"ఏందంటయ్యా?" అంది మాలకొండమ్మ.

"ప్రేమించిన పిల్లని ఇంకొకడికిచ్చి చేసేసినారంట."

"అట్టాంటి పాట మన నాట్లల్లో కూడా ఉండాదే!"

ఆమె గడప దగ్గరే కూర్చుని గొంతెత్తింది. ముసలాయన కళ్లు మూసుకుని తాళం వేశాడు. పాట అయ్యాక ఆమెకు చేతులెత్తి నమస్కరించి, మళ్లీ పాడమన్నాడు.