మోకాలని చెప్పిన నొప్పి

ఆ వీధి చివర దర్జీ తాతకి నోరు పెద్దది, గుండె పిరికిది. ఆ మాట ఆయన ఒప్పుకోడు, ఆయన పెళ్లాం మామ్మే అంటుంది. కత్తెర కనబడకపోతే కొంప మునిగినట్టు అరుస్తాడు. మామ్మ రెండుసార్లు దగ్గితే మాత్రం మిషను ఆపేసి లేచొస్తాడు. కాజాలూ గుండీలూ ఆమె పని. పోట్లాట ఇద్దరి పనీ.

ఒక ఉదయం మామ్మ స్నానాల గదిలో కాలు జారి పక్కకు పడింది. లేవబోతే కాలు నిలవలేదు. తాత లబోదిబోమంటూ ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఎక్కడ నొప్పని కుర్ర డాక్టరు అడిగితే, ఆమె తలొంచుకుని "మోకాలు బాబూ" అంది. మోకాలికి ఎక్స్‌రే తీశారు. ఎముక శుభ్రంగా ఉంది. విశ్రాంతి తీసుకోమని పంపేశారు.

ఇక చూడాలి తాత సేవ! పొద్దునా సాయంత్రమూ మోకాలికి నూనె పట్టించాడు, మంచం దిగితే ఒట్టన్నాడు. నొప్పి తగ్గలేదు సరికదా, పక్కకు ఒత్తిగిలితే చాలు, మామ్మ కెవ్వుమంటోంది. పాపం, నూనె మాత్రం ఏం చేస్తుంది?

మళ్లీ వెళ్లారు. ఈసారి డాక్టరమ్మ ఉంది. ఆమె రెండు పాదాలూ పక్కపక్కన పెట్టి చూసింది. ఒకటి బయటికి వాలిపోయి, ఆ కాలు కాస్త పొట్టిగా కనిపిస్తోంది. దాన్ని మెల్లగా కదిపేసరికి మామ్మ అరిచింది.

"నిజం చెప్పండి మామ్మగారూ, ఎక్కడ?"

మామ్మ చెయ్యి తొడ మొదట్లో, గజ్జల మీదికి వెళ్లింది.

"మోకాలన్నావు కదే!" అన్నాడు తాత.

"ఆ కుర్రాడి ముందు ఇక్కడని ఎలా చెప్పనండీ?"

"నాకైనా చెప్పొచ్చుగా!"

"మీకు చెబితే వీధంతా చెప్పినట్టే."

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంది. "తుంటి విరిగితే మోకాల్లో కూడా నొప్పి తెలుస్తుంది లెండి. మేమూ పైదాకా చూడాల్సింది." కొత్త ఎక్స్‌రేలో తుంటి ఎముక విరిగినట్టు కనిపించింది. "ఇప్పటికే ఆలస్యమైంది, రేపే ఆపరేషన్. లేకపోతే మంచానికే అతుక్కుపోతారు."

ఆపరేషన్ బాగానే జరిగింది. మర్నాడే వ్యాయామం చేయించే అమ్మాయి వాకరు పట్టుకొచ్చింది. తాత అడ్డం పడ్డాడు.

"నిన్న కోసిన కాలమ్మా! మతి ఉందా నీకు?"

"పడుకునే ఉంటే ఒంట్లో బలమంతా పోతుంది తాతగారూ. ఇప్పుడు నిలబడితేనే రేపు ఇంట్లో నడుస్తారు."

మామ్మ నిలబడింది. తాత గబుక్కున నడుం పట్టుకున్నాడు. ఆమె బరువంతా ఆయన మీదే వాల్చేసింది, పాదం కదల్లేదు. మళ్లీ ప్రయత్నించినా అంతే.

"మీరు పట్టుకున్నంతసేపూ ఆవిడ అడుగు వెయ్యరు. నేనున్నాగా, వదలండి."

"వదిలితే పడిపోతుంది. ఇది మళ్లీ పడితే నేను బతకను," అంటూ తాత చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. అంత నోరూ ఏమైపోయిందో.

మామ్మ ఆయన చేతిని తన నడుం మీంచి నెమ్మదిగా తీసింది. "నాకూ భయంగానే ఉందండీ. కాస్త అవతలికి జరగండి."

ఆయన వెనక్కి జరిగి, కళ్లు తుడుచుకుంటూ ఎదురుగా నిలబడ్డాడు. అమ్మాయి పక్కనే ఉంది. మామ్మ వాకరు ముందుకు తోసి, పళ్లు బిగబట్టి ఒక అడుగేసింది. ఇంకోటి వేసింది. వాకరు వెళ్లి తాత కాలికి తగిలింది.

"మళ్లీ దారికడ్డంగానే నిలబడ్డారా?" అంది మామ్మ. "తప్పుకోండి, నేను నడవాలి."