గోడలో పూడ్చిన అతుకు

లైన్‌మన్ తాత పోయాడన్న కబురు మాకు ఫోన్లోనే వచ్చింది. సూర్యాపేట దవాఖాన నుంచి ఎవరో చేశారు. బయట వాన, ఫోన్లో బరబరమని మోత. మా మామ రిసీవరు చెవికి అదిమిపెట్టి, "ఎవరు? ఎవరు పోయిండ్రు? జర గట్టిగ చెప్పు!" అని అరిచాడు. నాలుగోసారికి గాని వినబడలేదు. ఫోను పెట్టేసి ఆయన అన్నమాట ఇది: "ఆయన పెట్టిన ఫోనాయె. ఆయన సావు కబురు సుత సక్కగ ఇనబడకపాయె."

తలుపు చాటున ఉన్న నాకు ఒళ్ళు మండింది. మామ మీద కాదు. ఆ మోత ఎందుకు వస్తోందో తెలిసీ నోరు విప్పని నా మీద.

మిర్యాలగూడలో మా అత్తవారిది బియ్యం మిల్లు. నేను కాపురానికి వచ్చిన ఏడే ఇంట్లో ఫోను పెట్టారు. పెట్టింది ఆయనే. కోదాడ మనిషి, నెరిసిన తల, భుజాన నిచ్చెన. అందరూ లైన్‌మన్ అనేవారు. నేను పైకి ఎలాగూ పిలవను కనుక మనసులో తాత అనుకున్నాను.

వంటింటి గడప దగ్గర నిలబడి చూస్తున్నానని ఆయన కనిపెట్టాడు. నాకు సిగ్గని కూడా కనిపెట్టాడేమో, నావైపు తిరగకుండా గోడతోనే మాట్లాడేవాడు. అలాగైతే నేను జవాబు చెప్పనక్కర్లేదు.

"బెజ్జం బయటికి వాలుగా కొట్టాలి బిడ్డా. లేకుంటే తీగె పట్టుకొని వాన ఇంట్లకొస్తది. కరెంటు తీగెకు దీన్ని ఆనించొద్దు, గుర్రుమంటది."

నాలుగో తరగతితో బడి మానేసిన దాన్ని. అంత ఓపికగా నాకు ఎవరూ ఏదీ చెప్పలేదు.

తలుపు పైన మేకుకు మూరెడు తీగ చుట్టగా చుట్టి వదిలాడు. మా అత్త ఊరుకోలేదు. "గదేందయ్యా, పాము పండుకున్నట్టు? కోసెయ్యరాదు!"

"కాటెయ్యదులే అమ్మా. రేపు యాడన్నా తెగితే అతుకెయ్యడానికి కావాలి. ఆ అతుకు కంటికి కనబడేచోట ఉండాలి. గోడలో పెడితే చెడిందని ఎవరికీ తెల్వదు."

మరిది పెళ్ళికి ఆ నీలిరంగు గోడకు చుట్ట కింది దాకా కొత్త గచ్చు, మీదంతా తెల్లసున్నం వేయించారు. చుట్ట నుంచి ఫోను దాకా తీగ కనబడితే బాగుండదని అత్త దాన్ని గచ్చులో పూడ్చమంది. మేస్త్రీ ఉలి తగిలి, చుట్టకు జానెడు కింద తీగ తెగింది. అతనే రెండు కొసలూ మెలిపెట్టి పైన సిమెంటు రాశాడు. అత్త నన్ను చూసి, "మీ మామకు చెప్పకు, పెండ్లి ముంగట లొల్లి అయితది" అంది. నేను తల ఊపాను. తల ఊపడం నాకు బాగా వచ్చు.

వానలు పడి గోడ చెమ్మెక్కగానే మోత మొదలైంది. మామ తాతను పిలిపించి హమాలీల ముందే తిట్టాడు. "గిదేనా నీ పని? మీ ఆఫీసుకు రాస్త!"

తాత నిచ్చెన భుజానికి ఎత్తుకున్నాడు. మాడుగులపల్లి దారిలో స్తంభాలన్నీ వానలో ఎక్కి దిగాడు. మూడు రోజులు. చివరికి తన దగ్గరున్న ఫోను తెచ్చి చుట్ట దగ్గర తగిలించి చూశాడు. మాట గలగలా వినబడింది.

"సేటూ, బయటంతా బాగుంది. గోడలోనే యాడనో చెడింది. గచ్చు పగలగొట్టాలి."

"కొత్త గోడ పలగ్గొట్టాల్నా? నీ తప్పు గోడ మీద పెడుతున్నవా?"

నేను మంచినీళ్ళు ఇచ్చాను. చెంబు అందుకుంటూ, మొదటిసారి నావైపు తిరిగి మెల్లగా అడిగాడు. "బిడ్డా, గచ్చు చేసినప్పుడు తీగెను ఎవరన్నా ముట్టుకున్నరా?"

నేను నేల చూశాను.

ఆయన నీళ్ళు తాగి, చెంబు గట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు. తర్వాత జ్వరం అన్నారు, సూర్యాపేట తీసుకుపోయారన్నారు. వానలో తడిసినందుకే అని ఎవరూ అనలేదు. నేనూ అనను. కానీ ఆయన పని చెడ్డదన్న మాట ఆ గోడ మీద అలాగే ఉండిపోయింది. "మేస్త్రీ కోసిండు" అంటే సరిపోయేది. రెండు మాటలు. నాకు రాలేదు.

వారానికి కొత్త లైన్‌మన్ వచ్చి గోడ పొడుగునా పగలగొట్టాలన్నాడు. మామ మళ్ళీ తాతను తిట్టడం మొదలుపెట్టాడు. నేను తలుపు చాటు నుంచి ఇవతలికి వచ్చాను.

"ఆయన తప్పు లేదు మామా. మేస్త్రీ తీగె కోసి గోడల పెట్టిండు. నేను సూసిన. చుట్టకు జానెడు కింద."

అత్త నావైపు చూసిన చూపు రాయను. మామ సుత్తి తనే అందుకున్నాడు. నేను చెప్పినచోటే పచ్చగా చిలుము పట్టిన మెలిక బయటపడింది. కొత్తాయన కుళ్ళిన కొసలు కోసి, చుట్టలోంచి తీగ లాగి, గచ్చు పైన కనబడేలా అతుకు వేశాడు. మూరెడూ సరిగ్గా సరిపోయింది.

ఇప్పుడు వానలోనూ మాట స్పష్టంగా వినిపిస్తోంది. మామ తాత గురించి ఒక్క మాటా అనలేదు. కాకపోతే మేస్త్రీ ఆ గుంట పూడ్చడానికి వస్తే, "ఉండనియ్" అన్నాడు.

చుట్ట ఇప్పుడు లేదు, మేకు ఉంది. పెళ్ళికి సున్నం వేసినవాడు చుట్టను కదిలించకుండా చుట్టూ వేసినట్టున్నాడు. తెల్లని గోడ మీద మేకు కింద, పాత నీలిరంగు గుండ్రంగా కనబడుతోంది.